పైవాళ్ల నేల... కిందివాళ్ల కప్పు!

పొద్దున్నే ఆరు కాకముందే దబ్... దబ్. అల్లం వెల్లుల్లి దంచుతున్నట్టున్నారు. ఎనిమిదింటికి కుర్చీలు ఈడ్చిన కీచు. సాయంత్రం పిల్లాడి బంతాట. ఇక రాత్రి అందరూ పడుకున్నాక టక్... టక్... టక్!

కూకట్‌పల్లిలో ఓ అపార్ట్‌మెంట్. రెండో అంతస్తులో ఉండేవాళ్లకు రోజూ ఇదే వరస. ఇంటర్ పరీక్షలకు చదువుతున్న అమ్మాయి చెవుల్లో దూది పెట్టుకుంది. బీపీ మాత్ర వేసుకుని పడుకునే తండ్రికి ఆ టక్‌టక్‌తో నిద్ర పట్టదు. వారం రోజులు ఓర్చుకున్నాడు. ఆ తర్వాత ఓ అర్ధరాత్రి బూజుకర్ర తీసి పైకప్పును నాలుగుసార్లు గట్టిగా పొడిచాడు. టక్‌టక్ ఠక్కున ఆగిపోయింది. మర్నాటి రాత్రి కూడా వినిపించలేదు. ‘చూశావా, బెదిరిస్తేగానీ దారికి రారు’ అన్నాడు భార్యతో.

దంచుడూ కుర్చీల కీచూ మాత్రం తగ్గలేదు. పైగా లిఫ్టులో ఎదురైతే పైయింటాయన మొహం తిప్పుకోవడం మొదలుపెట్టాడు. ఇలా కాదని ఓ ఆదివారం ఆ ఇల్లాలు గిన్నెలో పులిహోర పెట్టుకుని పైకి వెళ్లింది. ముందుగదిలో మంచం మీద పెద్దావిడ. తుంటి ఆపరేషన్ అయి రెండు నెలలైంది. పక్కనే వాకర్. మాటల్లో ఆవిడే అంది... ‘రాత్రిళ్లు బాత్‌రూమ్‌కు లేస్తే మీకు నిద్రాభంగం అవుతోందటగా అమ్మాయ్. అందుకే సాయంత్రం నుంచీ నీళ్లు తాగడం మానేశాను’ అని.

ఆ ఇల్లాలికి నోట మాట రాలేదు.

పైన చిన్నది... కింద పెద్దది

నిజానికి ఇలాంటి గొడవల్లో చాలావరకు పైవాళ్ల పొగరూ ఉండదు, కిందివాళ్ల చాదస్తమూ ఉండదు. తేడా అంతా శ్లాబులో ఉంది. మాటలు, టీవీ లాంటివి గాలిలో ప్రయాణించే శబ్దాలు. కాంక్రీటు వాటిని చాలావరకు అడ్డుకుంటుంది. కానీ నేలకు నేరుగా తగిలే దెబ్బ అలా కాదు. రోకలి పోటు, కుర్చీ ఈడ్పు, మడమ నొక్కి నడిచే నడక... ఇవి శ్లాబునే కదిలిస్తాయి. అది కిందింటికి డప్పులా మోగుతుంది. దంచే మనిషికి మామూలు చప్పుడే, కింద పడుకున్నవాళ్లకు నడినెత్తిన పోటు. ‘మా ఇంట్లో అంత చప్పుడే లేదండీ’ అని పైవాళ్లు అంటే అది అబద్ధం కాకపోవచ్చు.

ఇంకో తిరకాసూ ఉంది. ఈ అదురు గోడల్లోంచి, స్తంభాల్లోంచి కూడా పాకుతుంది. పక్క ఫ్లాటులో దంచినా సరిగ్గా మన నెత్తినే అనిపించవచ్చు. కాబట్టి పోట్లాటకు దిగేముందు చప్పుడు ఎక్కడిదో తేల్చుకోవాలి. కింద ఫాల్స్ సీలింగ్ వేయించుకున్నా అదురు గోడల నుంచి వస్తూనే ఉంటుంది. ఖర్చు మాత్రం వేలల్లో. అదే పైన చప్పుడు పుట్టే చోట ఓ మెత్తటి గుడ్డ వేస్తే చాలాసార్లు పని అయిపోతుంది.

వాళ్లనే కిందికి పిలవండి

చప్పుడైన క్షణంలో, కోపంలో మెట్లెక్కకండి. తీరిక వేళ చూసుకుని వెళ్లండి. ‘ఎప్పుడూ గోలే’ అనొద్దు. ఏ చప్పుడు, ఏ వేళకు, ఎవరికి ఇబ్బందో చెప్పండి. అన్నిటికన్నా మంచి ఉపాయం... వాళ్లలో ఒకరిని మీ ఇంటికి పిలిచి, పైన రోలు వాడమని చెప్పి వినిపించడం. చెవులతో విన్నాక వాదన ఉండదు.

పైనుండే వాళ్లకూ ఇది పెద్ద భారం కాదు. కుర్చీలు, బల్లల కాళ్లకు రబ్బరు తొడుగులు వేయొచ్చు. రోలు కింద నాలుగు మడతల గోనెసంచి, గ్రైండర్ కింద మందపాటి రబ్బరు షీటు పరవొచ్చు. వాషింగ్ మెషీన్ నాలుగు కాళ్లూ సమంగా ఆనాయో లేదో చూసుకోవాలి. పిల్లలు ఆడుకునే చోట ఓ జంపఖానా వేస్తే చాలు. పసివాళ్లను పరుగెత్తొద్దని ఎవరూ కట్టేయలేరు. బంతాటను మాత్రం కిందికి మార్చవచ్చు.

పాటల హోరు సంగతి వేరు. 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో శబ్దం పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబెల్స్ మించకూడదు. ఇంట్లోని మ్యూజిక్ సిస్టమ్ మోత ఆ ఇంటి హద్దు దగ్గర ఈ పరిమితిని 5 డెసిబెల్స్‌కు మించి దాటకూడదు. ఎంత చెప్పినా వినకపోతే ముందు అసోసియేషన్‌కు రాసివ్వాలి. అప్పటికీ మారకపోతే పోలీసులున్నారు. కానీ నడకకూ కుర్చీలకూ చట్టం కన్నా ఓ మంచిమాటే త్వరగా పనిచేస్తుంది.

మళ్లీ కూకట్‌పల్లికి వస్తే... ఆ సాయంత్రమే పైయింటాయన కిందికి వచ్చి విన్నాడు. ‘ఇంత మోతా!’ అని నొచ్చుకున్నాడు. రోలు కిందికి గోనెసంచి వచ్చింది. వాకర్ కాళ్ల రబ్బరు బుడిపెలు అరిగిపోయి లోహం నేలకు తగులుతోందని బూజుకర్ర పట్టిన ఆ తండ్రే కనిపెట్టాడు. మందుల షాపులో కొత్తవి కొని, తనే తీసుకెళ్లి తొడిగాడు. అరిగిన వాటితో పెద్దావిడ జారిపడే ప్రమాదమూ ఉండేది మరి.

ఇప్పుడూ కొన్ని రాత్రులు పైనుంచి చిన్నగా అలికిడి వినిపిస్తుంది. ‘మామ్మగారు మంచినీళ్లు తాగుతున్నట్టున్నారు’ అనుకుని ఆయన అటు తిరిగి పడుకుంటాడు.