పాతాళంలో పక్క బావికి తగలకుండా

మూడు కిలోమీటర్ల లోతున చమురు బావి ఎటు తిరిగిందో కళ్లతో చూసి చెప్పగలవాళ్లు లేరు. కొత్త పైపు బిగించడానికి ఆగినప్పుడల్లా, అంటే సుమారు 30 మీటర్లకోసారి, తవ్వే బిట్ వెనక ఉన్న పరికరం సర్వే తీసి పైకి పంపుతుంది. బావి ఎంత వాలిందో గురుత్వాకర్షణను బట్టి తెలుస్తుంది. ఏ దిక్కుకు వాలిందన్నది మాత్రం మామూలుగా భూఅయస్కాంతమే చెప్పాలి. చిక్కంతా అక్కడే. దిక్కులో 1 డిగ్రీ తప్పితే, 3 కిలోమీటర్లు అడ్డంగా వెళ్లేసరికి బావి 52 మీటర్లు పక్కకు జరిగిపోతుంది. ఆ దారిలో గ్యాస్ పారుతున్న పాత బావి ఉండొచ్చు.

అలాస్కా ఉత్తర తీరంలోని ప్రుదో బేలో ఈ బాధ మరీ ఎక్కువ. ధ్రువం దగ్గర కాబట్టి దిక్సూచిని తిప్పే క్షితిజ సమాంతర బలం అక్కడ సుమారు 9 వేల నానోటెస్లాలే. ధ్రువకాంతులు ఆడే రాత్రి అడ్డంగా 300 నానోటెస్లాల కుదుపు వస్తే ముల్లు దాదాపు 2 డిగ్రీలు పక్కకు పోతుంది. దీనికి అక్కడ తవ్వేవాళ్లు వెతికిన ఉపాయం ఖరీదైన బిట్ కాదు, ఇరుగుపొరుగు ఏర్పాటు. అమెరికా భూగర్భ సర్వే సంస్థ, చమురు సేవల కంపెనీ ష్లంబర్జర్ కలిసి 2010లో అక్కడి డెడ్‌హార్స్‌లో అయస్కాంత పరిశీలనశాల పెట్టాయి. కుదుపు వచ్చిన సమయానికి అక్కడ నమోదైన కొలతతో బావి సర్వేను సరిదిద్దుతారు.

అంతకంటే నాకు నచ్చింది ఈ రంగంవాళ్ల లెక్క. మార్కెట్లో పోటీపడే కంపెనీల నిపుణులే 1995 నుంచి ఒక కమిటీగా కూర్చుని, సర్వేలో తప్పు ఎంత ఉండొచ్చో కట్టే ఉమ్మడి పద్ధతి తయారు చేశారు. ఆ లెక్కలో బావి సన్నని గీత కాదు; చుట్టూ దీర్ఘవృత్తాకారపు అనుమానం ఉంటుంది, లోతుకు పోయేకొద్దీ అది లావెక్కుతుంది. రెండు బావుల అనుమానాలు మరీ దగ్గరైతే ప్లాన్ మార్చాల్సిందే.

ఈ విషయంలో ప్రకృతి మన పక్షాన ఉంది. తెలుగు నేల మీద ఆ క్షితిజ సమాంతర బలం దాదాపు 40 వేల నానోటెస్లాలు. అదే కుదుపుకు ఇక్కడ తేడా అర డిగ్రీ లోపే. అలాగని నిశ్చింతగా ఉండలేం. గోదావరి డెల్టా కింద రాజమండ్రి బసాల్టు పొరలున్నాయి. అవి అయస్కాంత శిలలు; స్థానికంగా అవి తెచ్చే చిన్న హెచ్చుతగ్గులు ప్రపంచ నమూనాలకు అందవు. వాటికి విమానంతో తీసిన దగ్గరి అయస్కాంత పటం కావాలి. కొలవడం మనకు కొత్త కాదు: ముంబైకి రాబోయే కరెంటు ట్రాములు అయస్కాంత కొలతలను చెడగొడతాయని కొలాబా పరిశీలనశాలను 1904లోనే అలీబాగ్‌కు తరలించిన దేశం ఇది. చౌటుప్పల్‌లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) పరిశీలనశాల ఉంది. అయితే ఒక సంస్థ కొలిచింది మరో సంస్థ బల్ల మీదకు చేరడంలో మనకు జాగు అలవాటే. డెడ్‌హార్స్ నుంచి ముందుగా నేర్వాల్సింది ఆ చేరవేతే.

ఆ తర్వాత పాత బావుల సంగతి. ఒకప్పుడు దిక్సూచిని ఫిల్మ్ మీద ఫోటో తీసి సర్వే చేసేవారు. అలాంటి బావిని మరమ్మతుకు తెరిచినప్పుడు, అయస్కాంతంతో పనిలేని గైరోను లోపలికి దించితే సర్వే కొత్తదవుతుంది. అందుకు రిగ్గు సమయం ఖర్చవుతుంది కాబట్టి, కొత్త బావి దారికి దగ్గరగా, అనుమానం బాగా లావుగా ఉన్నవాటితో మొదలుపెడితే చాలు.