మోడెం ఎవరి ఇంట్లో ఉంది?

2025 జూన్ 6న కేంద్రం ఉమీద్ పోర్టల్‌ను ప్రారంభించింది. వక్ఫ్ ఆస్తుల వివరాలు ఆరు నెలల్లోగా అందులో నమోదు కావాలన్నది చట్టం. చిన్న ఊరి ముతవల్లీ దగ్గర పాత దస్తావేజులుంటాయి. వాటిని స్కాన్ చేసి పంపే కంప్యూటరుండదు, ఉన్నా కనెక్షనుండదు. స్కాలర్‌షిప్పు దరఖాస్తులదీ ఇదే దారి. హక్కు కాగితం మీది నుంచి తీగ మీదికి మారిన కాలంలో, ఆ తీగ మన గడపలోకి ఎలా వస్తుందో తెలుసుకోవడం నిపుణులకే వదిలేయదగిన విషయం కాదని మేము భావిస్తున్నాము.

కంప్యూటరుకు తెలిసినవి ఒకటి, సున్న మాత్రమే. టెలిఫోను తీగ మనిషి గొంతు కోసం వేసినది. సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్‌ల ధ్వనినే మోసేది. ఈ రెంటి నడుమ దుబాసీ మోడెం. అంకెలను ధ్వనులుగా మార్చి పంపుతుంది, వచ్చిన ధ్వనులను తిరిగి అంకెలుగా విప్పుతుంది. మాడ్యులేటర్, డీమాడ్యులేటర్ అన్న పేర్ల ముక్కలు కలిస్తే మోడెం అయింది. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ దేశ ప్రజలకు ఇంటర్నెట్టును అందించినప్పుడు అది ఈ దారినే వచ్చింది. ఆ మోడెంలు ఎంత ఎదిగినా సెకనుకు 56 కిలోబిట్లు దాటలేదు. పక్క గదిలో ఎవరైనా ఫోను ఎత్తితే కనెక్షను తెగేది. తర్వాతి డీఎస్ఎల్ మాటకు అక్కరలేని పై పౌనఃపున్యాలను వాడుకుంది. నేడు గోడకు వేలాడే ఫైబర్ పెట్టెదీ దుబాసీ పనే, ధ్వనికి బదులు కాంతితో. అందులోనే రౌటర్ కూడా ఉండటంతో ఒక్క కనెక్షనును ఇంటిల్లిపాదీ పంచుకోవచ్చు.

ఇంటిల్లిపాదీ అన్న మాట దగ్గర ఆగాలి. ఇంటర్నెట్టు ఫోనులో ఉంది కదా, చాలునని మనం అనుకుంటున్నాం. ఆ ఫోను పొద్దున్నే తండ్రి జేబులో పనికి వెళ్లిపోతుంది. పదో తరగతి చదివే ఆడపిల్లకు మిగిలేది రాత్రి ఓ అరగంట. మోడెం ఇల్లు విడిచి పోదు. హాస్టల్లో ఫోనుపై ఆంక్షలను ఫహీమా షిరీన్ అనే విద్యార్థిని ప్రశ్నించినప్పుడు, ఇంటర్నెట్టు అందుబాటు విద్యాహక్కులోనూ గోప్యత హక్కులోనూ భాగమని 2019 సెప్టెంబరులో కేరళ హైకోర్టు చెప్పింది. కోర్టులో గెలిచిన హక్కును ఇంట్లో మనమే కాదంటే ఎలా?

పిల్లలు చెడిపోతారన్న భయాన్ని మేము తేలిగ్గా తీసుకోవడం లేదు. అయితే దుప్పటి కింది ఫోను కన్నా అందరి ఎదుట ఉన్న కంప్యూటరు మేలు. పెట్టెతో వచ్చిన పాస్‌వర్డును మాత్రం మొదటి రోజే మార్చుకోవాలి.

ఇంటింటా భరించలేని చోట మసీదు కమిటీలు ఒక కనెక్షను, ఒక కంప్యూటరు, ఒక స్కానరు ఏర్పాటు చేసి, అసర్ నుంచి మగ్రిబ్ దాకా ఆడపిల్లలకు కేటాయించవచ్చు. జల్సా పందిళ్ల ఖర్చులో కొంత తగ్గించినా సరిపోతుంది. వచ్చే స్కాలర్‌షిప్పుల గడువు ముంచుకు రాకముందే ఈ పని మొదలు కావాలి.