బ్యాటరీ మీది తెల్లపొడి

మొన్న చలికాలం, తెల్లవారుజామున మా అత్తమ్మకు ఆయాసం ఎక్కువైంది. దౌల్తాబాద్ నుంచి తాండూరు ఆస్పత్రికి పోదామని అందరం కారెక్కితే, తాళం తిప్పినప్పుడల్లా 'టిక్కు'మనడమే గానీ బండి స్టార్టు కాదు. చివరికి పక్కింటివాళ్ల ఆటోయే దిక్కయింది. దేవుడి దయవల్ల గండం గడిచింది.

మర్నాడు మెకానిక్ వచ్చి, "బ్యాటరీ పోయింది సార్, కొత్తది వేయాలె" అన్నాడు. నేనూ తొంగి చూశాను. దాని కొమ్ముల మీద సున్నంలా తెల్లగా, అక్కడక్కడ మైలుతుత్తం రంగులో పొడి పేరుకుని ఉంది. "ముందు అది కడిగి చూడరాదూ" అన్నాను. కడిగాక అదే బ్యాటరీతో బండి కదిలింది.

ఆ పొడిని నేను నెల ముందే చూశాను. మగవాళ్ల పని, మనకెందుకులే అని ఊరుకున్నాను. అదే ఇప్పటికీ గుచ్చుతోంది. ఆడపిల్లలకు లైసెన్సు ఇప్పిస్తున్నాం గానీ, బానెట్ ఎత్తడం ఎవరైనా నేర్పుతున్నామా?

బ్యాటరీలో ఉండేది సీసం పలకలు, నీళ్లు కలిపిన గంధకామ్లం. ఛార్జి అయ్యేటప్పుడు లేచే వాయువులతో కాస్త ఆమ్లపు తుంపర బయటికొచ్చి కొమ్ములను తింటుంది. తెల్లది సీసం వల్ల, నీలిది రాగి వల్ల వస్తుంది. అది అడ్డం పడితే కరెంటు సరిగా పారదు. ఇన్వర్టర్ బ్యాటరీకీ ఇదే తెగులు. ఆ ఆమ్లం మన తాండూరు బండల మీద పడితే బుసబుస పొంగి మచ్చ మిగులుతుంది, సున్నపురాయి కదా!

విరుగుడు వంటింట్లోనే ఉంది, తినేసోడా. ముందు గాజులు, ఉంగరాలు తీసేయాలి. పుస్తెలతాడు తీయమంటే ఇంట్లో ఊరుకోరు గనుక జాకెట్లోకి దోపుకోండి. లోహం రెండు కొమ్ములకూ తగిలిందంటే నిప్పులు చిమ్ముతుంది. చేతులకు రబ్బరు తొడుగులు, కళ్లకు అద్దాలు ఉండాలి. దగ్గర్లో దీపం, అగరుబత్తి అసలే వద్దు, బ్యాటరీ నుంచి వచ్చే హైడ్రోజన్ అంటుకుంటుంది.

ఇంజను ఆపి (ఇన్వర్టరైతే స్విచ్చాపి, ప్లగ్గు తీసి) మైనస్ తీగ ముందు, ప్లస్ తర్వాత విప్పాలి. నీళ్లు పోసే మూతలు గట్టిగా ఉన్నాయో లేదో చూడండి, సోడా లోపలికి పోతే బ్యాటరీ చెడుతుంది. గ్లాసుడు వేడినీళ్లలో చెంచాడు సోడా కలిపి, పాత టూత్‌బ్రష్‌తో పొంగు ఆగేదాకా రుద్ది, మంచినీళ్లతో కడిగి, పొడిగా తుడవండి. ఈసారి ప్లస్ ముందు, మైనస్ తర్వాత కదలకుండా బిగించి, పైన వాజిలైన్ పట్టించండి. గాలీ తేమా తగలవు.

ఇప్పుడు నెలకోసారి, గ్యాస్‌పొయ్యి కడిగిన రోజునే, నేను బానెట్ ఎత్తుతున్నాను. మావారు పానా అందిస్తున్నారు. ఎంత కడిగినా పది రోజులకే మళ్లీ పొడి పడితే మాత్రం ఛార్జింగ్ ఎక్కువవుతోందేమో, బ్యాటరీ బీటలిచ్చిందేమో, అప్పుడు మెకానిక్‌నే పిలవాలి.