కిబెహో బాలికలు

రువాండా దేశపు దక్షిణాన, కొండలమీద, కిబెహో అనే చిన్న ఊరుంది. అక్కడి కథోలిక బాలికల వసతి పాఠశాలలో 1981 నవంబరు 28న ఆల్ఫోన్సీన్ అనే విద్యార్థినికి భోజనశాలలోనే మరియమాత దర్శనమిచ్చిందట. నమ్మినవారు తక్కువ, నవ్వినవారే ఎక్కువ. ఎగతాళిలో ముందున్న మరీ క్లేర్‌కే మరుసటి ఏడు దర్శనం కలిగింది! ఆపై ఆమె వ్యాకులమాత జపమాలను ఊరూరా నేర్పింది. 1982 ఆగస్టులో ఆ పిల్లలు నెత్తుటి ఏరులు కనిపించాయని విలపించారు.

1994 ఏప్రిల్‌లో, ప్రాణభయంతో ఆ ఊరి దేవాలయంలో తలదాచుకున్న వేలాది టుట్సీలను చంపివేశారు. చంపినవారిలో జ్ఞానస్నానం పొందినవారెందరో. ఈ మాట దాచి ఆ ఊరి కథ చెప్పలేము.

2001 జూన్ 29న పీఠాధిపతులు మిసాగో గారు ముగ్గురు బాలికల దర్శనాలను ధ్రువీకరించారు. వినడానికి మరీ క్లేర్ లేదు. ఆమెనూ 1994లోనే చంపారు.