జడ పెరగడం లేదా, మిగలడం లేదా?

ఫోన్ తెరిస్తే చాలు, మోకాళ్లదాకా జుట్టు విరబోసుకున్న మగవాళ్లు కనిపిస్తున్నారు. పక్కనే పెద్ద కడాయిలో ఆకులూ వేర్లూ మరుగుతుంటాయి. నూరు పైచిలుకు మూలికలంటారు, తాతల నాటి రహస్యమంటారు. కర్ణాటకలో మైసూరు జిల్లా హుణసూరు వైపు ఉండే హక్కిపిక్కి వాళ్ల పేరుతో ఊపందుకున్న ఈ 'ఆదివాసీ నూనె' ఇప్పుడు ఆదిలాబాద్ ఇళ్లకూ పార్శిల్లో వస్తోంది. సీసా ధర వందల నుంచి వేలదాకా పలుకుతోంది. కొనేది ఎక్కువగా జడ భుజాలు దాటడం లేదని బెంగపడే ఆడపిల్లలు, కాన్పు తర్వాత తల పలచబడ్డ బాలింతలు.

విచిత్రమేమంటే మనదీ ఆదివాసీ జిల్లాయే. పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో మెస్రం వంశం వాళ్లు తమ దేవుడు నాగోబాకు గంగాజలంతో అభిషేకం చేసేనాడు గోండు ఆడవాళ్లు వేలమంది కూడుతారు. జడ పొడుగు చూపించి సీసా అమ్మేవాళ్లు ఆ గుంపులో లేరు. నూనె తెలియక కాదు. ఇప్పగింజల నూనె, నువ్వుల నూనె ఈ ఊళ్లకు పాతవే. నార్నూర్ ఖాందేవ్ జాతరలో తొడసం వంశపు ఆడపడుచు నువ్వుల నూనె తాగి మొక్కు తీరుస్తుంది. నూనెకు అంత గౌరవం ఇచ్చే నేల ఇది. అయినా ఏ అవ్వా 'ఇది రాస్తే మూడు నెలల్లో మోకాళ్లు తాకుతుంది' అనదు. తల ఎండకుండా, చిక్కు పడకుండా రాసుకోమంటుంది. నేను చెప్పదలచుకున్నదీ అంతే. జడ విషయంలో మనం ఖర్చంతా పెంచుకోవడానికి పెడుతున్నాం, పోగొట్టుకుంటున్నది మాత్రం మిగుల్చుకోలేక.

'ఎంటికలు పెరుగుతలేవు' అన్న ఫిర్యాదు చాలామంది విషయంలో నిజం కాదు. తలవెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది, ఒకరికి కాస్త ఎక్కువ, ఒకరికి కాస్త తక్కువ. ఒక్కో వెంట్రుక రెండేళ్ల నుంచి ఆరేళ్ల వరకు పెరిగి, ఆగి, రాలిపోతుంది. ఆ గడువు పుట్టుకతో వచ్చేది. కాబట్టి అందరి జడా మోకాళ్లు తాకదు. నడుము దగ్గరే ఆగే తలలుంటాయి, అదేమీ రోగం కాదు. కానీ భుజాల దగ్గరే ఏళ్లకేళ్లు ఆగిపోయిందంటే చాలాసార్లు కారణం కుదుళ్లలో ఉండదు, కొసల్లో ఉంటుంది. ఏడాదికి 12 సెంటీమీటర్లు పైన వస్తూ, కింద అంతే విరుగుతుంటే జడ ఉన్నచోటే ఉంటుంది. రెండడుగుల జడలో కొసన ఉన్న వెంట్రుక వయసు ఐదేళ్లు. ఐదు ఎండాకాలాల వడగాలి, వందల తలస్నానాలు, వేలసార్లు దువ్వెన పోటు తిన్న పోగు అది.

పత్తి పండించే జిల్లాకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. కాయ పగిలాక ఆ పోగుకు చెట్టు చేయగలిగింది ఏమీ లేదు. మంచుకు తడిసినా, మట్టి అంటినా నష్టమే తప్ప మళ్లీ బాగుపడటం ఉండదు. కుదురు దాటి బయటికి వచ్చిన వెంట్రుక కూడా ప్రాణం లేని పోగే. దానికి బయటి నుంచి తిండి పెట్టే నూనె లేదు.

రాలిన వెంట్రుకను ఒకసారి వెలుతురులో పట్టి చూడండి. ఒక కొసన తెల్లటి చిన్న గుండు ఉంటే కుదురు నుంచి రాలినట్టు. రోజుకు 50 నుంచి 100 దాకా ఇలా రాలడం మామూలే. గుండు లేని పొట్టి ముక్కలైతే అవి విరిగినవి. రెండింటికీ కారణాలు వేరు, చేయాల్సిన పనులూ వేరు.

కుదురు నుంచి రాలడానికి మన జిల్లాలో వానాకాలంతో చుట్టరికం ఉంది. వానలు పడ్డాక ఏజెన్సీ ఊళ్లలో మలేరియా, డెంగీ, టైఫాయిడ్ మొదలవుతాయి. గట్టి జ్వరం వస్తే, పెరుగుతున్న వెంట్రుకల్లో ఎన్నో ఒక్కసారిగా పెరగడం మానేస్తాయి. అవి రాలేది మాత్రం రెండు మూడు నెలల తర్వాత. శ్రావణంలో జ్వరపడ్డ మనిషికి దీపావళి వేళకు దువ్వెన నిండా ఎంటికలే. అప్పటికి జ్వరం మరిచిపోయి ఉంటారు, షాంపూను తిడతారు, సీసాకు ఆర్డరు పెడతారు. సంక్రాంతి దాటాక రాలడం తగ్గుతుంది. ఉగాదికల్లా నుదుటి దగ్గర కొత్త మొలకలు కనిపిస్తాయి. ఏమీ రాయకపోయినా వచ్చేవే అవి. పేరు మాత్రం నూనెకు పోతుంది. బాలింతల విషయమూ ఇంతే: బిడ్డకు మూడు నాలుగు నెలలు వచ్చేసరికి తల్లి జుట్టు కుచ్చులుగా ఊడుతుంది, తర్వాత దానంతటదే కుదురుకుంటుంది. శరీరం తనంతట తాను కోలుకునే ఆ ఆరు నెలల గడువే ఈ వ్యాపారానికి అసలు పెట్టుబడి.

ఇక విరిగే జుట్టు. దీని కారణాన్ని మొదట నీళ్లలో వెతకాలి. పెన్‌గంగ చుట్టుపట్ల సున్నపురాయి నేలలు ఉన్నాయి. ఇటువైపు సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చింది ఆ రాయి కోసమే. అలాంటి నేలలో బోరు నీళ్లు సున్నంతో వస్తాయి. సబ్బు రుద్దితే నురగ రాదు, తెల్లటి తెట్టు కడుతుంది. ఆ తెట్టే వెంట్రుక మీదా పేరుకుంటుంది. గరుకెక్కిన వెంట్రుక పక్కదానితో పెనవేసుకుంటుంది, దువ్వెన పెట్టగానే తెగుతుంది. పైగా సబ్బు క్షారం. వెంట్రుక మీది పొలుసును లేపి మరింత చెడగొడుతుంది. కుంకుడు, సీకాయల రసం సున్నపు నీళ్లలో తెట్టు కట్టదు, దానిది కాస్త పులుపు గుణం. పాతకాలపు తలస్నానంలో మహిమ ఏమీ లేదు, ఈ గుణమే ఉంది. రోజూ కుంకుడు పోసుకుంటే జిడ్డంతా పోయి జుట్టు పీచవుతుంది కూడా. దాంట్లో గంజి కలుపుకునేది ఆ కరకుదనం తగ్గడానికే. మంచి షాంపూ కూడా సున్నపు నీళ్లలో పనిచేస్తుంది కాబట్టి పాతదే మేలన్న పంతం నాకు లేదు. ఇంటికి నల్లా నీళ్లు వస్తుంటే ఆఖరి రెండు చెంబులైనా అవి పోసుకోవడం మంచిది.

నూనె దండగని కూడా నేననను. 2003లో ముంబయిలో రేలే, మోహిలే అనే ఇద్దరు పరిశోధకులు కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడింటినీ పోల్చి చూశారు. తలస్నానానికి ముందు రాసినా, తర్వాత రాసినా వెంట్రుకలోని ప్రోటీన్ పోకుండా బాగా ఆపింది కొబ్బరినూనె ఒక్కటే. అది వెంట్రుక లోపలికి దిగగలదు. వాళ్లు పనిచేసింది కొబ్బరినూనె అమ్మే మారికో కంపెనీలో, కాబట్టి ఆ సంగతి గుర్తుపెట్టుకునే చదవాలి. అయినా నూనె అమ్మే కంపెనీ పరిశోధకులే చూపించింది జుట్టు తక్కువ పాడవుతుందని. పెరుగుతుందని కాదు.

పొడవు జడలకు పేరుపడ్డ జనాలు చేసేదీ ఉన్న జుట్టును పాడవకుండా కాపాడుకోవడమే. ఆఫ్రికాలో చాద్ దేశపు ఆడవాళ్లు చెబే అనే గింజల పొడిని నూనెలో కలిపి జుట్టుకు పట్టిస్తారు. మాడుకు రాయరు, వెంట్రుకల పొడవునా పూసి జడలల్లి రోజుల తరబడి కదిలించరు. వాళ్లది బిగుతైన రింగుల జుట్టు. ప్రతి మెలిక దగ్గరా విరిగే గుణం ఉన్నది. అయినా నిలబెట్టుకుంటున్నారు. చైనాలోని హువాంగ్‌లువో ఊళ్లో ఎర్ర యావో ఆడవాళ్లు పులిసిన బియ్యం కడుగుతో తల కడుగుతారు. 18 ఏళ్లప్పుడు ఒక్కసారి కత్తిరించిన జుట్టునూ, రోజూ రాలిన వెంట్రుకలనూ దాచి తమ కొప్పులోనే చుట్టుకుంటారు. మన ఇళ్లలో సవరం చేసిన పనీ అదే. పెండ్లి ఫొటోల్లోని పొడవు జడల్లో సవరం వాటా ఎంతో ఇంట్లో పెద్దవాళ్లకు తెలుసు. ఇప్పుడు ఆ చిక్కెంటికలు స్టీలు గిన్నెల వాడికి పోతున్నాయి, సవరం వాటా సంగతి మరుగున పడింది, చూసేవాళ్లకు అదంతా సొంత జుట్టేనన్న భ్రమ మిగిలింది.

మనకూ దగ్గరలోనే పాఠం ఉంది. పత్తి ఏరే ఆడవాళ్లు కొప్పు ముడిచి, తలకు గుడ్డ చుట్టుకుని చేన్లోకి దిగుతారు. ఎండ, దుమ్ము, రాపిడి మూడింటి నుంచీ అదే కాపలా. మిగతావీ అంత ఖర్చులేని పనులే. చిక్కు కొస నుంచి మొదలుపెట్టి పైకి తీయాలి. తడి వెంట్రుక తేలిగ్గా సాగి తెగుతుంది కాబట్టి తడి తల దువ్వకూడదు. రింగుల జుట్టు మాత్రం పొడిగా ఉన్నప్పుడు దువ్వితే విరుగుతుంది. దాన్ని తడిమీద, కండిషనరో నూనో పట్టించి, వెడల్పు పళ్ల దువ్వెనతో దువ్వుకోవాలి. కణతలు లాగేంత బిగుతుగా రబ్బరు బ్యాండు వేయకూడదు. పడుకునేటప్పుడు వదులుగా అల్లుకుని, దిండుకు నున్నటి గుడ్డ తొడగాలి. చీలిన కొసలు ఎప్పటికప్పుడు కత్తిరించాలి. కత్తిరిస్తే పెరుగుతుందని కాదు, చీలిక పైకి పాకకుండా. గుండు కొట్టిస్తే ఒత్తుగా వస్తుందన్న నమ్మకమూ ఉత్తదే. వేములవాడలో తలనీలాలు మొక్కు కోసం ఇవ్వండి, ఒత్తు కోసం వద్దు. ఇక పార్లర్లలో చేసే స్మూతెనింగ్ వెంట్రుక లోపలి బంధాలనే తెంచి మళ్లీ అతికిస్తుంది. అసలే బలహీనమైన జుట్టుకు ఆ అతుకు నిలవదు.

ఇంతవరకూ ఇంట్లో చేతనయ్యేవి. చేతిలో లేనివి తిండి, నీళ్లు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల్లో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇనుము, మాంసకృత్తులు చాలని ఒంట్లో శరీరం ముందు గుండెను చూసుకుంటుంది, జుట్టును చివర చూసుకుంటుంది. అలాంటి తలకు మూలికల నూనె అమ్మడం మోసమే. 2019లో మెదక్‌లో ఒక గిరిజన మినీ గురుకులంలో నీళ్ల కొరత సాకుతో ఆడపిల్లల జుట్టు కత్తిరించారని వార్తలు వచ్చాయి. నీళ్లుంటేనే జడ అన్నది అంత కఠినంగా ఎవరూ రుజువు చేయలేదు. 2024 చివర్లో ప్రభుత్వం హాస్టలు ఆడపిల్లల కాస్మెటిక్ చార్జీలను 3 నుంచి 7 తరగతులకు నెలకు 55 నుంచి 175 రూపాయలకు, ఆపై తరగతులకు 75 నుంచి 275కు పెంచింది. మంచి పని. సబ్బు, నూనె, షాంపూ ఆ డబ్బులోనే రావాలి. కానీ డబ్బు పెంచి సరిపడా నీళ్లు ఇవ్వకపోతే, రెండు జడలు మడిచి రిబ్బను కట్టాలన్న నియమం ఆ పిల్లల తలల మీద పేలకే మేలు చేస్తుంది.

చట్టం దగ్గర కూడా మాట ఉంది. 1945 నాటి డ్రగ్స్ నిబంధనల్లోని జె షెడ్యూలు, ఏ మందూ నయం చేస్తానని చెప్పుకోకూడని వాటి జాబితా. బట్టతల, కొత్త జుట్టు మొలిపించడం రెండూ అందులో ఉన్నాయి. మందుల దుకాణంలో అనకూడని మాటను ఫోన్లో కడాయి పక్కన నిలబడి అనేస్తుంటే అడిగే అధికారి కనిపించడు. ఆదివాసీల పేరు వాడుకున్నందుకు వాళ్లకు ఏం దక్కుతోందో అడిగేవాళ్లూ లేరు.

ఆ సీసా కొనబోయే చెల్లెళ్లకు ఒక్కటే చెబుతాను. ముందు ప్రభుత్వ ఆసుపత్రిలో హిమోగ్లోబిన్ చూపించుకోండి. మాడు మీద బిళ్లలుగా ఊడుతున్నా, ఆరు నెలలు దాటినా రాలడం ఆగకున్నా చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి వెళ్లండి. మిగిలిన డబ్బుతో గుడ్లు కొనుక్కోండి. ఆ తర్వాత ఏడాది ఓపిక పట్టండి. ఆ ఏడాదిలో వచ్చేది 12 సెంటీమీటర్లే. దాంట్లో పది మిగుల్చుకోగలిగితే చాలు, ఏ మూలికా అంతకన్నా ఎక్కువ ఇవ్వలేదు.