చేరిన నెల నుంచే ఫెలోషిప్ ఇవ్వాలి

పొలిటికల్ సైన్స్‌లో పీహెచ్‌డీ చేయాలంటే ఏం కావాలి మేడమ్ అని మా డిగ్రీ కాలేజీ పిల్లలు అడుగుతుంటారు. ఎంఏలో 55 శాతం మార్కులు, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు 50, నెట్ స్కోరు, నిన్ను నిద్రపోనివ్వని ఒక ప్రశ్న అని చెబుతాను. ఏ నోటిఫికేషన్‌లోనూ కనిపించని అర్హత ఇంకొకటి ఉంది. సీటు వచ్చాక, చేతికి ఒక్క రూపాయి రాకుండా నెలల తరబడి పట్నంలో బతకగలిగే స్తోమత. ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల నుంచి పరిశోధనకు వెళ్లాల్సిన పిల్లల్ని ఆపేస్తున్నది అదే.

నేను ఎమ్మిగనూరు నేత ఇంటి ఆడపిల్లను. నాయన మగ్గం, అమ్మ రాట్నం. డిగ్రీ దాకా తెలుగు మీడియం, ఆ తర్వాత అనంతపురంలో ఎంఏ. నెట్ ద్వారా యూజీసీ ఇచ్చే పరిశోధక ఫెలోషిప్, జేఆర్‌ఎఫ్, వచ్చిన రోజు మా వీధి అంతా ఇంటికొచ్చింది. ఫెలోషిప్ తొలి విడత ఖాతాలో పడేనాటికి అమ్మ కమ్మలు కుదువలో ఉన్నాయి. హాస్టల్ అడ్వాన్సు, మెస్ బిల్లు, ప్రవేశ రుసుము అన్నీ ముందే కట్టాలి. జాయినింగ్ రిపోర్టు ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు పోవడానికి నెలలు పట్టింది. యూజీసీ డబ్బు కెనరా బ్యాంకు పోర్టల్ ద్వారా నేరుగా విద్యార్థి ఖాతాకే వస్తుంది, నిజమే. అయితే విశ్వవిద్యాలయంలో ఒకరు ప్రతి నెలా ఆ పేరు నమోదు చేయాలి, పై అధికారి ఆమోదించాలి. ఆ పని గడువులోగా జరగకపోతే ఆ నెల డబ్బు రాదు. కమ్మలున్న ఇల్లు గనక నేను నిలబడగలిగాను. కుదువ పెట్టడానికి ఏమీ లేని ఇళ్లు కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు మండలాల్లో ఎన్నో ఉన్నాయి.

ఈ బకాయిల బాధ ఎంత దూరం పోతుందో తెలుగువాళ్లకు ఎవరూ చెప్పనక్కరలేదు. 2016 జనవరి 17న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో గుంటూరు బిడ్డ రోహిత్ వేముల ప్రాణం తీసుకున్నాడు. అప్పటికి అతనికి ఏడు నెలల ఫెలోషిప్ రావాలి. 1,75,000 రూపాయలు. అది ఇంటివాళ్లకు అందేలా చూడమని చివరి ఉత్తరంలో కోరాడు. ఆ విషాదం వెనుక సస్పెన్షన్ ఉంది, కులం గురించిన పెద్ద పోరాటం ఉంది. ఆ బకాయి లెక్క కూడా ఉంది. దాన్ని మనం మరిచిపోకూడదు.

ఒకే పని చేసే పరిశోధకులకు మన దేశంలో మూడు రకాల బతుకులున్నాయి. జేఆర్‌ఎఫ్ ఉన్నవాళ్లకు 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత 42,000, ఇంటి అద్దె అదనం. కేంద్రీయ విశ్వవిద్యాలయంలో చేరి జేఆర్‌ఎఫ్ లేనివాళ్లకు 8,000. దాన్ని కూడా 2015 అక్టోబరులో ఎత్తేయబోతే విద్యార్థులు ఢిల్లీలో యూజీసీ కార్యాలయం ముందు రాత్రింబవళ్లు కూర్చుని నిలబెట్టుకున్నారు. ఆ ఎనిమిది వేలు ఇప్పటికీ ఎనిమిది వేలే. ఇక మూడో రకం, రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఏ ఫెలోషిప్పూ లేకుండా చేరినవాళ్లు. వాళ్లకు నెలనెలా వస్తుందని నమ్ముకోదగ్గ రూపాయి లేదు. మా ప్రాంతానికి దగ్గరగా ఉన్నవేమో రాష్ట్ర విశ్వవిద్యాలయాలే. కర్నూలులో 2008లో పెట్టిన రాయలసీమ, అనంతపురంలో 1981 నుంచి ఉన్న శ్రీకృష్ణదేవరాయ. ఇంటికి దగ్గర, ఖర్చు తక్కువ అని ఆడపిల్లల్ని పంపేది అక్కడికే. అంటే దూరం పంపలేని ఇంటి బిడ్డకే డబ్బు కూడా లేదన్నమాట.

2023లో అనంతపురం జిల్లాకు చెందిన సాకే భారతి కూలి పనులకు పోతూ శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం నుంచి రసాయన శాస్త్రంలో డాక్టరేట్ తీసుకుంది. పేపర్లన్నీ రాశాయి, ప్రభుత్వం భూమి, ఉద్యోగం ఇచ్చి గౌరవించింది. ఆమెకు నేను చేతులెత్తి మొక్కుతాను. కానీ ప్రయోగశాలకు పోవాల్సిన మనిషి పొలానికి ఎందుకు పోవాల్సి వచ్చిందో ఆ సన్మాన సభల్లో ఎవరైనా అడిగి ఉండాల్సింది.

నెట్ సంగతికి వస్తాను. 2024 జూన్ నుంచి నెట్ స్కోరు పీహెచ్‌డీ ప్రవేశానికి కూడా పనికొస్తోంది. జేఆర్‌ఎఫ్ రాకపోయినా ఆ స్కోరుకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం విలువ. మంచి మార్పే. ఊరూరా తిరిగి వేర్వేరు ప్రవేశ పరీక్షలు రాసే ఖర్చు తగ్గింది. కాకపోతే పొలిటికల్ సైన్స్ పేపరు ఇంగ్లిషు, హిందీల్లోనే ఉంటుంది. తెలుగు అకాడమీ పుస్తకాలు చదివి రాజ్యాంగం మొత్తం నోటికి చెప్పగల పిల్ల, మూడు గంటల పరీక్షలో సగం సమయం ప్రశ్న అర్థం చేసుకోవడానికే పెడుతుంది. పోనీ రాష్ట్రం పెట్టే ఏపీఆర్‌సెట్ రాద్దామంటే అది ఏటా జరగదు. ఎప్పుడు వస్తుందో తెలియని పరీక్ష కోసం పేద పిల్లలు ఎన్నేళ్లు ఎదురు చూస్తారు?

ఇంకో కష్టం మా వైపుదే. దసరా, దీపావళి దాటితే మా పల్లెలు సుగ్గికి పోతాయి. గుంటూరు వైపు పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి పిల్లాజెల్లాతో సహా లారీలెక్కుతారు. డిసెంబర్ విడత నెట్ సరిగ్గా ఆ కాలంలోనే. దరఖాస్తు గడువు ముగిసేనాటికి మా విద్యార్థిని ఒకమ్మాయి గుంటూరు జిల్లాలో మిరప చేలో ఉంది. కుల ధ్రువీకరణ పత్రం ఊళ్లో పెట్టెలో ఉంది. ఫోన్ చేస్తే వాళ్ల నాయన ఎత్తాడు. "ఇంకా ఎన్నేండ్లు సదివియ్యాల మేడమ్? సదువుతే జీతమిస్తారా?" అన్నాడు. ఇస్తారన్నా, నెలకు ముప్పై ఏడు వేలు ఇస్తారు అన్నాను. కాసేపు మాట రాలేదు. చదువుకు జీతం ఉంటుందని ఆయనకు అంతదాకా ఎవరూ చెప్పలేదు. ఆ సాయంత్రమే పత్రం తేవడానికి కొడుకును ఊరికి పంపాడు.

ఇలాంటి ఇళ్ల పిల్లలు పొలిటికల్ సైన్సే ఎందుకు చదవాలి, ఏ నర్సింగో బ్యాంకు కోచింగో మేలు కదా అనేవాళ్లున్నారు. వాళ్లకు నా జవాబు ఒకటే. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు బళ్లారి జిల్లా నుంచి విడిపోయి ఇటు వచ్చాయి. ఇటు వచ్చినందువల్ల మాకు నీళ్లలో, బడుల్లో, పదవుల్లో ఏం దక్కింది, ఏం పోయింది? తుంగభద్ర దిగువ కాలువ చివరి ఊళ్లకు నీళ్లు చేరకపోవడం ఇంజినీర్ల లెక్కా, రాజకీయ నిర్ణయమా? 2024 ఆగస్టులో తుంగభద్ర ఆనకట్ట 19వ గేటు కొట్టుకుపోయిన రోజుల్లో ఆ కాలువ రైతు ఎవరిని అడగాలి, మూడు రాష్ట్రాల్లో ఎవరు జవాబు చెప్పాలి? 1938లో మాచాని సోమప్పగారు మొదలుపెట్టిన ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘం ఎలా ఎదిగింది, నేతగాడి ఓటుకు ఉన్న బలం ఆ తర్వాత ఎటు పోయింది? సుగ్గికి పోయిన కుటుంబం పంచాయతీలో ఎవరికి లెక్క? ఇవన్నీ పొలిటికల్ సైన్స్ ప్రశ్నలు. వీటికి మా ఊరి గడప లోపల్నుంచి జవాబు రాయగలిగినవాళ్లు మిరప చేలో ఉన్నారు.

ఉన్న తోవలు కూడా మూసుకుపోతున్నాయి. ఎస్సీ విద్యార్థుల జాతీయ ఫెలోషిప్‌లు దేశం మొత్తానికి ఏడాదికి 2,000, ఎస్టీలకు 750, ఓబీసీలకు 1,000. మైనారిటీ పరిశోధకులకు ఉన్న మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను ఆపేస్తున్నట్టు 2022 డిసెంబర్‌లో కేంద్రం పార్లమెంటులో చెప్పింది. ఆదోనిలో ముస్లిం ఇళ్ల ఆడపిల్లలు డిగ్రీలో నా తరగతిలో ముందు బెంచీల్లో కూర్చుంటారు. వాళ్లకు ఇక మిగిలిన పెద్ద తోవ జేఆర్‌ఎఫ్ ఒక్కటే. విదేశాల్లో చదివే దళితులకు, భూమిలేని కూలీల పిల్లలకు, సంప్రదాయ చేతివృత్తుల వాళ్లకు కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌లో 2022లో ఒక నిబంధన పెట్టారు. భారతీయ సంస్కృతి, చరిత్ర, సమాజం మీద పరిశోధనకు ఆ డబ్బు రాదు. తన ఊరి గురించి పరిశోధిస్తానన్న కూలి బిడ్డకు చెల్లదని చెప్పే నిబంధన ఏ పథకంలోనూ ఉండకూడదు.

విదేశాల గురించి ఒక మాట స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే కన్సల్టెన్సీలు చెప్పవు. అమెరికాలో మంచి పొలిటికల్ సైన్స్ విభాగాలు పీహెచ్‌డీకి తీసుకుంటే ఫీజు మాఫీ చేసి, ఐదేళ్ల పాటు జీతభత్యం ఇస్తాయి. అప్పు చేసి వెళ్లే మాస్టర్స్ వేరు, ఇది వేరు. డిసెంబర్ మొదట్లోనే గడువులు ముగుస్తాయి. దరఖాస్తుకు సుమారు 75 నుంచి 125 డాలర్లు. ఐదారు చోట్ల వేస్తే ఒక మనిషి సుగ్గి సంపాదన పోతుంది. అయితే చాలాచోట్ల అడిగితే ఆ రుసుము మాఫీ చేస్తారు. అడగడానికి సిగ్గుపడొద్దు. జీఆర్‌ఈ కూడా చాలా విభాగాలు తీసేశాయి. బ్రిటన్‌లో మాత్రం సీటు వేరు, డబ్బు వేరు. డబ్బు ఖాయం కాని సీటుకు ఇల్లు తాకట్టు పెట్టకండి.

పిల్లలకు నేను చెప్పే పద్ధతి ఇది. ఎంఏ చివరి ఏడాదిలోనే నెట్ రాయండి. రెండు పేజీల ప్రతిపాదన ఇప్పుడే మొదలుపెట్టండి. అందులో ప్రజాస్వామ్యం అనే అంత పెద్ద అంశం వద్దు, మీ ఊరి కాలువ చాలు. ఏ ఆచార్యుల దగ్గర చేయాలనుకుంటున్నారో వారి వ్యాసాలు రెండైనా చదివి, అప్పుడు ఉత్తరం రాయండి. జేఆర్‌ఎఫ్ వస్తే మూడేళ్ల లోపు చేరవచ్చు, కంగారుపడి దొరికిన చోట చేరనక్కరలేదు. జేఆర్‌ఎఫ్ లేకుండా చేరినవాళ్లు ఐసీఎస్‌ఎస్‌ఆర్ డాక్టోరల్ ఫెలోషిప్‌ను మరవొద్దు, నెలకు 20,000. కుల, ఆదాయ పత్రాలు స్కాన్ చేసి ఫోన్‌లో పెట్టుకుని మరీ సుగ్గికి పోండి.

ప్రభుత్వం చేయాల్సింది మాత్రం పిల్లల మీదకు నెట్టకూడదు. మహారాష్ట్రలో బార్టి, సార్థి, మహాజ్యోతి అనే రాష్ట్ర సంస్థలే పరిశోధకులకు ఫెలోషిప్ ఇస్తున్నాయి. ఆంధ్రప్రదేశ్ ఎందుకు ఇవ్వలేదు? రాష్ట్ర విశ్వవిద్యాలయంలో పూర్తికాలం పీహెచ్‌డీ చేసే ప్రతి ఒక్కరికీ నెలవారీ ఫెలోషిప్ ఇవ్వాలి, చేరిన నెల నుంచే ఇవ్వాలి. కేంద్రం డబ్బు ఆలస్యమైతే ఆ కొన్ని నెలలు విశ్వవిద్యాలయమే ముందు చెల్లించి తర్వాత సర్దుకోవాలి. ఏపీఆర్‌సెట్ తేదీని ఏటా ముందే ప్రకటించాలి. నెట్ పేపరు తెలుగులో ఉండాలని మన ఎంపీలు పార్లమెంటులో అడగాలి. ఆదోనిలో దరఖాస్తులకు సాయం చేసే ఒక చిన్న కేంద్రం, ఒక కంప్యూటరు, తెలిసిన మనిషి ఒకరు ఉంటే చాలు. వచ్చే డిసెంబర్ విడతకు దరఖాస్తులు మొదలయ్యే లోపు, లారీలు గుంటూరుకు కదిలే లోపు, ఈ చివరి పనైనా చేయండి అని మా ఎమ్మెల్యేలను, కలెక్టరుగారిని అడుగుతున్నాను.