తాళం మాత్రం వదలకండి

పిల్లలూ,

పిల్లనగ్రోవి అనగానే మనకి కృష్ణుడు గుర్తొస్తాడు. మెల్లగా, తియ్యగా సాగే పాట గుర్తొస్తుంది. కానీ డేవ్ వాలెంటిన్ ఫ్లూట్ కచేరీ ఒక్కసారి వినండి. కుదురుగా కూర్చోలేరు! ఆయన ఒక్కోసారి ఫ్లూట్‌ని డోలు వాయించినట్టు వాయించేవారు. ఊదుతూనే గొంతు కూడా కలిపేవారు. చుట్టూ పియానో, బేస్, కాంగా డోళ్ళు ఉంటాయి. పియానో ఒక చిన్న వరసని మళ్ళీ మళ్ళీ వాయిస్తుంటే, దాని మీద ఫ్లూట్ అప్పటికప్పుడు కొత్త కొత్త పోకడలు పోతుంది. మన కచేరీల్లో మనోధర్మం అంటామే, అలాంటిదే. ఇదే లాటిన్ జాజ్.

డేవ్ 1952లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో పుట్టారు. వాళ్ళ అమ్మానాన్నలది ప్యూర్టో రికో దీవి. అంటే ఆయన కూడా మీలాగే, అమ్మానాన్నల ఊరికి దూరంగా పుట్టిన పిల్లాడే. చిన్నప్పుడే బోంగో, కాంగా డోళ్ళు వాయించడం నేర్చుకున్నారు. ఫ్లూట్ ఆ తర్వాత వచ్చింది. జాజ్ విద్వాంసుడు హ్యూబర్ట్ లాస్ దగ్గర పాఠాలు చెప్పించుకున్నారు. 2017లో ఆయన చనిపోయారు. న్యూయార్క్ బ్లూ నోట్ క్లబ్బులో చేసిన కచేరీ 1988లో రికార్డుగా వచ్చింది. అది ఇప్పటికీ వినొచ్చు.

"నేను సగం ఇక్కడి మనిషిని, సగం అక్కడి మనిషిని. ఎక్కడా పూర్తిగా కాను" అని మీలో కొందరు అనుకుంటారు. నేను ఒప్పుకోను. డేవ్ పాటలో జాజ్ సగం, ప్యూర్టో రికో సగం అని ఎవరైనా కొలవగలరా? రెండూ నిండుగానే ఉన్నాయి.

అలాగని, రెండిటినీ కలిపేస్తే చాలనుకోకండి. ఈ సంగీతానికి క్లావే అనే తాళం ఉంది. మీరూ వేసి చూడండి. 1 నుంచి 16 దాకా ఒకే వేగంతో లెక్కపెట్టండి. 1, 4, 7, 11, 13 దగ్గర చప్పట్లు కొట్టండి. ఆగకుండా మళ్ళీ మొదలుపెట్టండి. కుదిరిందా? ఎవరెన్ని పోకడలు పోయినా అందరి మనసులోనూ ఈ తాళం నడుస్తూనే ఉండాలి. అది తప్పితే పాట కాస్తా గోల అయిపోతుంది.

"తెలుగులో ఇంగ్లీషు కలపకు" అని ఇంట్లో పెద్దవాళ్ళు కోప్పడుతుంటారు కదా. నన్నడిగితే, కలపడం తప్పు కాదు. తాళం పోగొట్టుకోవడమే తప్పు. అమ్మమ్మ ఫోన్ చేసినప్పుడు రెండు ముక్కలు మాట్లాడి, ఆ పైన మాటలు దొరక్క ఫోను అమ్మ చేతిలో పెట్టేస్తున్నారా? అయితే తాళం జారిపోతోందన్నమాట. బడి కబురు ఒక్కటైనా మొదటి నుంచి చివరిదాకా తెలుగులో చెప్పగలిగారా? అయితే తాళం మీ చేతిలోనే ఉంది. ఆ పైన మీ ఇష్టం, ఎన్ని పోకడలైనా పోండి!

ఈ ఆదివారం అమ్మమ్మకో, తాతయ్యకో ఏ కబురు చెప్తారు?